చేవ్రాలుతో చదువు ముగియదు

జనాభా లెక్కల నిర్వచనము ననుసరించి ఏడేండ్లు నిండి, ఏదేని యొక భాషలో అర్థము గ్రహించి చదువను వ్రాయను గలవారెల్లరును అక్షరాస్యులే. 2011 లెక్కలలో నాటి అవిభక్త కృష్ణాజిల్లాయందు నూటికి 73.74 మంది అక్షరాస్యులుగా తేలిరి. సమైక్య రాష్ట్రపు సగటు 67.02 మాత్రమే. ఈ యంకెలను జూచి డెల్టావాసులు గర్వించుట సహజము. కాని లెక్కలు వ్రాయువారు ఎవ్వరిచేతను చదివించి చూడరు; ఇంటివారు చెప్పినదే వ్రాసికొందురు. చేవ్రాలు మాత్రము నేర్చి, తాము చేవ్రాలు చేసిన కాగితమును చదువజాలనివారును ఈ లెక్కలో చేరియుండుటకు అవకాశము గలదు.

పారిశ్రామిక దేశములు ఈ విషయమున మాటమీద ఆధారపడక పరీక్షించి చూచినవి. ఇంగ్లండులో పెద్దవారిలో అయిదుగురి కొక్కరు నిత్యవ్యవహారమునకు చాలినంత చదువు లేనివారని 1999లో మోజర్ సంఘము నివేదించెను. నిర్బంధ విద్య నెలకొని నూఱేండ్లు దాటిన దేశపు సంగతి యిది! ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 31 దేశములలో, ప్రాంతములలో 16 మొదలు 65 ఏండ్ల వయసు వారిని పరీక్షించి, 2024 డిసెంబరులో ఫలితములను ప్రకటించినది. పూర్వపు పరీక్షతో పోల్చిచూడగా పఠనశక్తి స్పష్టముగా పెరిగిన దేశములు ఫిన్లండు, డెన్మార్కు రెండే. తక్కినచోట్ల ఉన్నంతలో నిలిచినది, లేదా తగ్గినది. అమెరికాలో మిక్కిలి తక్కువ పఠనశక్తి గలవారు 2017లో నూటికి 19 మంది కాగా, 2023 నాటికి 28 మందియైరి. వృద్ధులు పెరుగుటయు, పరదేశీయులు వచ్చి చేరుటయు కొంతవఱకే కారణములు. చదువు ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొను నగ వంటిది కాదు. వాడనిచో తుప్పుపట్టు కొడవలి వంటిది.

ఈ సత్యమును కృష్ణాతీరమువారు ఇతరులనుండి నేర్వవలసిన పనిలేదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. దానికై అయ్యంకి వేంకటరమణయ్యగారు జీవితమునే ధారపోసిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును, వయోజన విద్యను జంటగా భావించి పాటుపడిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువమీద పడవలో పుస్తకములను పంపిరి. చదువు నేర్చినవానికి చదువుటకేదైన నుండవలెనని వారెఱుగుదురు. తరువాతి పథకములు ఈ సూత్రమును మఱచినవి. 1988లో జాతీయ సాక్షరతా ఉద్యమము, 2009లో సాక్షర భారత్ వచ్చినవి; రెండవది 2018లో ముగిసినది. ఇప్పుడు 2022 మొదలు 2027 వఱకు ఉద్దేశింపబడిన పథకము మఱియొకటి. పథకము మాఱినప్పుడెల్ల కేంద్రము మూతపడుట, నేర్చినవారు మరల మొదటికి వచ్చుట ఆచారమైనచో ఎన్ని కోట్లు వ్యయించినను ప్రయోజనమేమి?

పెద్దవారి చదువు బ్రతుకుతో ముడిపడినప్పుడు ఏమి సాధింపగలదో నెల్లూరు జిల్లా స్త్రీలు చూపిరి. అక్షరాస్యతా తరగతులలో ప్రారంభమైన చర్చ సారా వ్యతిరేకోద్యమముగా పెరిగి, 1993 అక్టోబరులో రాష్ట్రమున సారాను నిషేధింపజేసినది. ఆ చదువు కొఱవడినచో ఏమగునో కృష్ణాజిల్లాయే చూచినది. 2006లో సూక్ష్మఋణ సంస్థల అధిక వడ్డీ, వసూళ్ల ఒత్తిడి మితిమీఱినవని అధికారులు ఈ జిల్లాలో సుమారు 50 శాఖలను మూయించిరి. పదివేల రూపాయల అప్పును వారమువారము తీర్చుచు, వడ్డీని మాత్రము ఏడాది పొడవునను పదివేలపైననే కట్టినచో, నూటికి 15 అని చెప్పిన వడ్డీ నిజమున దాదాపు రెట్టింపగును. ఈ లెక్క తెలియని స్త్రీకి అక్షరములు వచ్చియు ప్రయోజనము లేదు.

భూస్వాములకు మేము విన్నవించునది వేఱొకటి గలదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు 11 నెలల ఒప్పందపత్రము నేర్పఱచినది. దానిమీద ఇరువురి చేవ్రాళ్లును ఉండవలెను. అప్పు, పంటబీమా, నష్టపరిహారము ఆ పత్రముపై ఆధారపడియుండును. కౌలుదారు చదువుకొన్నచో తగవులాడునని జంకువారు లేకపోలేదు. చదువక చేసిన చేవ్రాలే తగవులకు మూలమని మా అభిప్రాయము. తాను చదివి ఒప్పుకొన్న షరతును గౌరవించుట ఎవనికైనను సులభము.

చేయదగిన పని పెద్దది కాదు. ప్రతి గ్రామ గ్రంథాలయమును పొలము పనులు ముగిసిన సాయంకాలము తెఱచియుంచవలెను. అచ్చట పెద్దలకు బాలశిక్షతోపాటు బ్యాంకు పుస్తకమును, కౌలుపత్రమును, పురుగుమందు డబ్బాపై సూచనలను, చేతిఫోనులోని సందేశమును చదివించవలెను. ఏటేట కొందఱిని పరీక్షించి ఫలితమును గ్రామమునకు తెలుపవలెను. 1960 గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును కట్టుచున్నవారు పట్టణవాసులు, గృహస్థులే. ఆ సొమ్ము గ్రంథాలయములకు చేరుచున్నదా, తలుపులు తెఱచియున్నవా యని అడుగు హక్కు వారికి గలదు. ఆ హక్కును వినియోగింపుడని మా మనవి.