చేపను అడిగిన పాపాన పోలేదు

తోళ్ళ కర్మాగారాల వల్ల పాలారు నదికి పట్టిన కాలుష్యం మీద పుట్టిన కాగితాలన్నీ పేరిస్తే వేలూరు కోటగోడంత ఎత్తు లేస్తాయి. ఎక్కడ తిప్పినా పీహెచ్, క్రోమియం, టీడీఎస్ (కరిగిన లవణాలు). ఆ నీళ్ళలో చేప బతుకుతుందా అన్న ముక్క మాత్రం వెతుక్కోవాలి.

చేపను అడగమని చెప్పింది నేను కాదు, పర్యావరణ రక్షణ నియమాలే. శుద్ధిచేసి వదిలే నీటిని చుక్క మంచినీళ్ళయినా కలపకుండా తొట్టిలో పోసి చేపల్ని వదిలితే, 96 గంటల తర్వాత నూటికి 90 బతికుండాలి. ఆ నాలుగు రోజుల అవస్థ చేసినవాళ్ళకే తెలుసు. ముందు కొన్నాళ్ళు చేపల్ని తొట్టికి అలవాటు చెయ్యాలి. పరీక్ష మొదలయ్యాక మేత పెట్టకూడదు. విషం మోతాదు తేల్చాలంటే ఒక తొట్టిలో మంచినీళ్ళు, తక్కినవాటిలో పాళ్ళు మార్చి వ్యర్థజలం పోయాలి. చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగితే రాయాలి, పక్కకి ఒరిగితే రాయాలి. చచ్చినదాన్ని వెంటనే తీసేయాలి. సగం చేపలు పోయే మోతాదు ఎంతో అలా తేలుతుంది. సీసా యంత్రంలో పెట్టి అంకె చదువుకున్నంత సుఖం ఇందులో లేదు. గిరాకీ లేనిది అందుకేనేమో!

యంత్రం అడిగినదానికే జవాబిస్తుంది. క్రోమ్ పద్ధతిలో తోళ్ళు పదును చేయడానికి దాదాపు 170 రకాల రసాయనాలు వాడతారని 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన వేలూరు తీర్పులోనే ఉంది. అన్నిటినీ ఎవరు కొలుస్తారు? కొలిచినా, అవన్నీ కలిసి ఏం చేస్తాయో ఏ పట్టిక చెబుతుంది? మొప్ప చెబుతుంది.

పైగా ఒకే విషం అన్ని నీళ్ళలో ఒకేలా పనిచెయ్యదు. రాగి, జింకు వంటివి కఠినజలంలో కొంత చల్లబడతాయి, సున్నం తక్కువున్న నీటిలో విజృంభిస్తాయి. అందుకే అమెరికాలో ఆ లోహాన్నే ప్రయోగశాల నీటిలోనూ ఏటి నీటిలోనూ పక్కపక్కనే పరీక్షించి, ఆ నిష్పత్తితో ఆ ఏటికి తగిన హద్దు కడతారు. హద్దు బిగియవచ్చు, సడలనూవచ్చు. తోళ్ళ కర్మాగారాల యజమానులు ముందే బెదిరిపోనక్కర్లేదు. చిత్తూరు జిల్లా నుంచి గుడియాత్తానికి దిగివచ్చే కౌండిన్య నీళ్ళూ, ఆంబూరు పక్కన ఉప్పెక్కిన నీళ్ళూ ఒకటేనా? మనకి మాత్రం ఒకటే కొలబద్ద.

చేసేవాళ్ళు లేరనకండి. మేల్విషారం సి. అబ్దుల్ హకీం కాలేజీ పరిశోధకులు కరిమీన్ చేప మీదా, దాని కణాలను పెంచి వాటి మీదా తోళ్ళ వ్యర్థజలాన్ని పరీక్షించి, రెండు ఫలితాలనూ పోల్చి 2012లోనే 'కీమోస్ఫియర్' పత్రికలో అచ్చువేశారు. చేపను చంపకుండా చేపనడిగే దారి ఆ కణాల పరీక్ష. వేలూరు పక్కనే పుట్టిన విద్య. దాన్ని పిలిచి పీట వేసిందెవరు?

ఏడాదిలో ఎక్కువ రోజులు పాలారులో ఇసుకే కదా, చేపెక్కడిది అని నవ్వేవాళ్ళున్నారు. వాన పడ్డ నాడు ఆ ఇసుకలోంచే నీళ్ళు పారతాయి, చెరువులు నిండుతాయి, వలలు పడతాయి.

2025 జనవరి 30న సుప్రీంకోర్టు పాలారు కాలుష్యం మీద మళ్ళీ తీర్పిచ్చి కమిటీ వెయ్యమంది. ఆ కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ నివేదికల్లో క్రోమియం గడి పక్కన చేపకీ ఒక గడి గీయండి. నాలుగు తొట్లు, నలభై చేపలు, నాలుగు రోజులు చాలు.