సేవ్ కొట్టాక కూడా...

బంజారా హిల్స్ ఎడిటింగ్ రూములో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, సేవ్ చెయ్యని కట్స్ గోవిందా. ర్యామ్ ప్రాణమంతా కరెంటులోనే ఉంది మరి! డిస్క్‌లోకి ఎక్కిందంటే ఇంక పర్మనెంట్ అని మనవాళ్ల ధీమా. నాకైతే ఆ పేరే తప్పనిపిస్తుంది. 1932లో వచ్చిన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ర్యామ్‌లో లేదుగా, ఫిల్మ్ మీదే ఉంది. ఇప్పుడు చూద్దామంటే ప్రింటు లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ మిగిలింది కాబట్టే 2010లో రంగులద్దగలిగారు. ఎస్ఎస్‌డీ అయినా అంతే, కరెంటు తగలకుండా ఏళ్లతరబడి అల్మారాలో పడుంటే లోపలి చార్జ్ కారిపోయి డేటా చెడిపోవచ్చు. మన ఫెస్ట్ షార్ట్‌ఫిల్మ్‌లేమో ఫైనలియర్ వాళ్ల పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి. వాళ్లు వెళ్లేలోపే క్లబ్ రెండు కాపీలు తీసి, ఒకటి క్యాంపస్ బయట ఉంచాలి.