చిల్లుల మూత ఉన్న ఆ పాత్ర దేనికి?

అమ్రాబాద్ నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. వారి తల్లిగారు అల్లాహ్ సన్నిధికి చేరుకొని రెండు మాసాలైంది. ఇల్లు సర్దుతుండగా అటక మీది సందూకులో మసకబారిన పాత్రలు కొన్ని బయటపడ్డాయట. సోదరులు వాటిని పాత సామాన్ల వ్యాపారికి తూకం లెక్కన ఇచ్చివేద్దామంటున్నారు. "ఇవేమిటో, దేనికి వాడేవారో మీరైనా చెప్పండి. చెప్పగల అమ్మ ఇప్పుడు లేదు" అని ఆమె అడిగారు.

ఆ సోదరులను మేము తప్పుపట్టడం లేదు. దేనికో తెలియని వస్తువుకు ఎవరి కంటికైనా బరువే విలువగా కనిపిస్తుంది. కనుక ముందు ఆ వస్తువులను గుర్తుపట్టే మార్గం చూద్దాం. ఇటువంటి సందూకులు మన చాలా ఇళ్ళలో ఉన్నాయి.

మొదట లోహం. పాత్రను బోర్లించి, అరిగిన అంచును చూడాలి. తెల్లటి పూత కింద ఎర్రదనం కనిపిస్తే అది కళాయి పూసిన రాగి. అరిగినచోట కూడా లోపలంతా ఒకే బూడిద రంగు ఉండి, మెత్తగా, బరువుగా ఉంటే అది తగరపు మిశ్రమం కావచ్చు. ఆంగ్లేయులు దీనినే ప్యూటర్ అన్నారు. నేడు మన ప్రాంతంలో సత్తు గిన్నె అంటే అల్యూమినియం గిన్నె. అల్యూమినియం ఇళ్ళలోకి రాకముందు తగరం కలిసిన లోహానికి కూడా సత్తు అనే పేరుండేది. కాటుకలా నల్లగా ఉండి, దానిమీద వెండి తీగల లతలు మెరుస్తుంటే అది బిద్రీ. జస్తులో కొంచెం రాగి కలిపి పోతపోసి, బీదర్ కోట మట్టితో నల్లబరుస్తారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటువంటి పాత్రలను చూడవచ్చు.

ఇక ఉపయోగం. పాత్ర తన పనిని తన ఒంటిమీదే రాసుకొని ఉంటుంది. అడుగున మసి ఉంటే పొయ్యి ఎక్కినది. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. కాబట్టి తగరపు పాత్ర వంటకు కాదు, వడ్డనకు. కొమ్ము లోపల తెల్లటి పెచ్చు కట్టి ఉంటే అది నీళ్ళ పాత్ర. గిన్నెల మూలల్లో సున్నం, కాచు మరకలు ఉంటే అది పాన్‌దాన్. సోదరి రాసిన, లోపల చిన్న చిన్న గిన్నెలు అమర్చిన పెట్టె ఇదే. నడుము సన్నగా, నోరు విచ్చుకున్న పువ్వులా ఉన్నదానిలో వారి అబ్బాయి ప్లాస్టిక్ పూలు పెట్టాడట. అది ఉగల్‌దాన్, అంటే తమ్మపడిగ. పూలు తీసివేయమని చెప్పడానికి మాకూ కొంచెం నవ్వు వచ్చింది.

చివరగా, సోదరి అన్నం వార్చే పాత్ర అనుకున్నది. వెడల్పాటి అంచు, లోతైన కడుపు, పైన చిల్లుల మూత. పక్కనే పొడుగు మెడ, వంపు కొమ్ము ఉన్న కూజా. ఇవి రెండూ జంట. కూజా పేరు ఆఫ్తాబా, పళ్ళెం పేరు సిలఫ్చీ. కొందరు చిలమ్చీ అంటారు. దస్తర్‌ఖాన్ పరిచే ముందు, ఎత్తిన తరువాత ఇంటివారిలో ఒకరు వీటిని అతిథి వద్దకు తీసుకువెళ్ళి చేతులు కడిగించేవారు. మురికి నీరు చిల్లుల గుండా కిందికి పోయి కంటికి కనబడదు. అతిథి లేవనవసరం లేదు. ఇంట్లో కుళాయి లేని రోజుల్లో ముసలివారికి, రోగులకు ఇదెంతటి సౌకర్యమో ఊహించండి.

అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ ఒకసారి అంధుడైన హదీసు పండితుడు అబూ ముఆవియాను భోజనానికి పిలిచాడు. భోజనమయ్యాక ఎవరో ఆయన చేతులపై నీళ్ళు పోశారు. పోసినది ఖలీఫాయేనని ఆ తరువాతగాని పండితునికి తెలియలేదు. విద్య పట్ల గౌరవంతోనే అలా చేశానని ఖలీఫా చెప్పినట్లు చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఈ సందూకులోని పళ్ళెం అటువంటి సేవకు సాధనం.

వీటిని వాడవచ్చా అన్నది సోదరి రెండవ ప్రశ్న. ధర్మం మాట ముందు. బంగారు, వెండి పాత్రలలో తినడం, తాగడం దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ హుజైఫా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇత్తడి పాత్రలోని నీటితో ఆయన వుజూ చేశారని బుఖారీలో ఉంది. కనుక రాగి, ఇత్తడి, తగరాల విషయంలో సంకోచం అక్కరలేదు. వెండి పొదిగిన బిద్రీని తిండికి వాడాలనుకుంటే మాత్రం ముందు మీ ఆలిమ్‌ను అడగండి.

ఆరోగ్యం మాట వేరు. పాతకాలపు తగరపు మిశ్రమంలో సీసం కలిపేవారు. పులుసు, నిమ్మరసం, పెరుగు వంటివి ఆ సీసాన్ని ఆహారంలోకి లాగుతాయి. అది పిల్లల మెదడుకు, గర్భిణులకు హాని చేస్తుంది. కంటితో చూసి సీసాన్ని పసిగట్టలేము. కాబట్టి సోదరి రాసిన రెండు బూడిద రంగు పళ్ళేలలో ఎవరికీ అన్నం పెట్టవద్దు. రాగి పాత్రలకు శుద్ధమైన తగరంతో మళ్ళీ కళాయి వేయించుకుంటే వాడుకోవచ్చు. కళాయి పోయిన రాగిలో పులుపు వండకూడదు.

మూడవ ప్రశ్న ఆమె అడగలేదు, అయినా చెప్పడం మా బాధ్యత. తల్లిదండ్రులు వదిలివెళ్ళిన దానిలో, అది కొంచెమైనా అధికమైనా, పురుషులకూ స్త్రీలకూ నిర్ణీత భాగముందని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా ఏడవ ఆయతు తెలుపుతుంది. పొలమూ ఇల్లూ మాత్రమే ఆస్తి కాదు. అటక మీది సందూకు కూడా ఆస్తే. అప్పులు, వీలునామా తీరిన పిమ్మట వారసులందరి ఎదుట ఆ పాత్రలకు విలువ కట్టాలి. పాత వస్తువుల విలువ తెలిసినవారికి ముందు చూపించాలి. వెండి పొదిగిన పాత్రను ఇనుప తుక్కుతో కలిపి తూచితే నష్టపోయేది అన్నలూ చెల్లెళ్ళూ అందరూ. ఆ తరువాత అందరి సమ్మతితో అమ్ముకుంటే దోషం లేదు. పంపకం వేళ వారసులు కాని బంధువులు, అనాథలు, పేదలు వస్తే వారికీ కొంత ఇవ్వమని తరువాతి ఆయతు ఆదేశిస్తుంది. ఇంటిపని చేసిపెట్టిన పేదరాలికి ఒక రాగి బిందె ఇవ్వడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది?

సోదరీ, మీ భాగానికి ఏమి కోరుకోవాలో మేము చెప్పలేము. మీ నాన్నగారు మంచం దిగలేని స్థితిలో ఉన్నారని ఉత్తరం చివర రాశారు. ఆఫ్తాబాను, సిలఫ్చీని ముందు చింతపండుతో తోమి, శుభ్రంగా కడిగి, మగ్రిబ్ తరువాత భోజనం వేళకు వారి మంచం దగ్గరికి తీసుకువెళ్ళండి. నీళ్ళు మీ అబ్బాయి చేత పోయించండి. ఆ పళ్ళెం దేనికో వాడికి మళ్ళీ ఎవరూ చెప్పనవసరం ఉండదు.