తూనీగలు తిరిగే నేల ఖాళీ నేల కాదు



దసరా సెలవుల్లో మా హాస్టల్ నుంచి ఆరుగురం భావనపాడు వెళ్లాం. టెక్కలి దాకా బస్సు, అక్కడి నుంచి నౌపడా ఉప్పుమడుల మీదుగా ఆటో. ఒడ్డున సరుగుడు తోటలో రెండు రాత్రులు పడుకున్నాం. దీన్నే క్యాంపింగ్ అంటారట. పోడు చేనుకి కాపలాగా మంచె మీద పడుకున్నవాళ్లం, మాకు అదేమీ కొత్త కాదు. ఏ పనీ లేకుండా ఒక పురుగుని గంటసేపు చూడటమే కొత్త.

పొద్దున్నే తంపర వైపు నడిచాం. తంపరంటే వాననీరు నిలిచే పల్లపు నేల. దాని మీద వందల తూనీగలు! చిన్నప్పుడు తోకకి దారం కట్టి ఎగరేసినవాళ్లమే. ఈసారి ఊరికే చూశాం. ఒకటి తోకని నీళ్లకి తాటిస్తూ గుడ్లు పెడుతోంది. దాని పిల్లలు నీళ్లలోనే పెరిగి దోమపిల్లల్ని తింటాయి. మలేరియా గురించి మన ఏజెన్సీ ఊళ్లకి వేరే చెప్పాలా? వీటిలో ఒక రకం మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికా దాకా సముద్రం దాటుతుందని చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో రాశారు. వేలెడంత లేదు, సముద్రం దాటుతోంది.

వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన నవ్వాడు. "ఏటి బాబూ, తూనీగలు సూడ్డానికి ఇంత దూరం వచ్చినారా? తంపరలో నీరుంటే అవుంటాయి. సేపుంటాది. మాకు కూడుంటాది."

ఆ నీటి కోసమే ఈ పక్కనున్న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంటు వద్దన్నారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అంతకు ముందు ఏడాది జూలై 14న సోంపేట బీల దగ్గర కూడా కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఇప్పుడు పక్కనే మూలపేట పోర్టు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. పోర్టే వద్దని మేము అనటం లేదు, ఉద్యోగాలు మాకూ కావాలి. కానీ నీరు నిలిచే నేలని ఖాళీ భూమి అని ఎవరూ రాయకూడదు అంటున్నాం. మన కొండల్నీ అలాగే రాశారు కదా.

మేము ఏడు రకాల తూనీగల్ని లెక్కపెట్టాం. పేరు మాత్రం ఒక్కటే తెలుసు. సిగ్గేసింది. ఇంటికి ఫోన్ చేస్తే మాలో ఒకడి అమ్మ మన భాషలో నాలుగు పేర్లు చెప్పింది. ఆవిడకి సంతకం రాదు.

2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి పెద్దల మాట రాసిపెడితే అదీ సాక్ష్యమే. రాయడం వచ్చిన మొదటి తరం మనమే. సంక్రాంతికి ఇంటికెళ్లేటప్పుడు ఒక నోటుబుక్ పట్టుకెళ్దాం. మన గెడ్డలో, చెరువులో ఏ నెలకి ఏది కనిపిస్తుందో అమ్మానాన్నల్ని అడిగి, వాళ్లు చెప్పిన పేరుతోనే రాద్దాం. మనం రాయకపోతే ఎవరో వచ్చి 'ఏమీ లేదు' అని రాసేస్తారు.