అడవిలో ఆకలి లేదట!

“చెట్టూచేమా తెలిసినవాడికి అడవిలో ఆకలి లేదు, రోగం లేదు.” ఈ మధ్య నగరంలో జరిగిన ఒక సేంద్రియ సంతలో ఒకాయన మైకు పుచ్చుకుని సెలవిచ్చిన మాట ఇది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆగకముందే, శని ఆదివారాల్లో అడవికి తీసుకెళ్లి ఆకూ దుంపా ఏరుకుని బతకడం నేర్పుతామని చెప్పి రుసుము కూడా ప్రకటించారు. రుసుము మీద నాకు పేచీ లేదు, ఎవరి డబ్బు వాళ్లిష్టం. ఒళ్లు మండింది ఆ మాటకు, దాన్ని మించి ఆ చప్పట్లకు.

ఈ గడ్డ మీద ఆకలితో పోయినవాళ్లెవరు? చెట్టూచేమా తెలియనివాళ్లా? 1832-33 నందన కరువులో గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లే పాడుబడ్డాయి. దాన్నే డొక్కల కరువన్నారు. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధానిలో జనం లక్షల్లో రాలిపోయారు. కర్నూలు, బళ్లారి, కడప పల్లెలకు తగిలిన దెబ్బ మరీ పెద్దది. ఆ రైతుకూలీలకు గలిజేరేదో గంగవాయిలేదో తెలియదా? ఏ ఆకు ఏ కార్తెలో లేతగా ఉంటుందో, ఏ గడ్డను ఎన్ని నీళ్లు వంచి వండాలో ఈ సంత ఉపన్యాసకుడికన్నా వాళ్లకు వందరెట్లు తెలుసు. తెలిసే పోయారు. వాన పడకపోతే ఎండేది జొన్న ఒక్కటేనా? గట్టు మీది కూరా ఎండుతుంది. చెరువు అడుగు తేలితే తామరదుంపా ఉండదు. ఆ రోజుల్లో కరువు పనికొచ్చిన మనిషికి రోజుకో పౌను గింజలు చాలునని తెల్లదొర రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. చాలవని శానిటరీ కమిషనర్ కార్నిష్ దెబ్బలాడాడు. ఇంత పిసినారి లెక్క కట్టిన టెంపుల్‌కు కూడా “అడవికి పొండి, అక్కడ ఆకలి లేదు” అనాలని తోచలేదు. అది మనవాళ్లకు తోచింది.

పోనీ, వాన పడిన ఏడాదే అనుకుందాం. వంద గ్రాముల ఆకుకూరలో ముప్పై నలభై కేలరీలుంటే గొప్ప. ఒళ్లొంచి పనిచేసే మనిషికి రోజుకు రెండు వేల పైచిలుకు కావాలి. ఆకులతోనే కడుపు నింపుకోవాలంటే ఐదారు కిలోలు నమలాలి. అది మేకలు చేసే పని. చెంచలికూరైనా తుమ్మికూరైనా జొన్నరొట్టె పక్కన పడితేనే, పప్పులో కలిస్తేనే తిండి. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు సాగుచేయని కూరల గురించి ఏళ్ల తరబడి చెబుతున్నారు. అయితే ఆ కూరలు మొలిచేది వాళ్ల చేలోనే, జొన్న, కంది సాళ్ల మధ్యే. చేను పోతే కూరా పోతుంది. మన వాళ్లు ఆ మాటల్లోంచి కూర పేర్లు మాత్రం రాసుకుని, చేను సంగతి అక్కడే వదిలేసి వచ్చారు.

ఆకు చాలకపోతే దుంప ఉందిగా అంటారు. ఉంది. అడవిలో మూడాకుల తీగ ఒకటుంది, కింద పెద్ద దుంప ఊరుతుంది. అందులో డయాస్కోరిన్ అనే విషముంది. పలచగా తరిగి, రోజుల తరబడి పారే నీళ్లలో నానేసి, చేదు విరిగిందని తేల్చుకున్నాకే పొయ్యి మీద పెట్టాలి. అడవినాభి తీగకు నిప్పుకణికల్లాంటి పూలు పూస్తాయి. ఏదో గడ్డ అనుకుని దాని దుంప తిన్నవాళ్లు ఆస్పత్రుల పాలైన కేసులు వైద్య పత్రికల నిండా ఉన్నాయి. ఈ రెండింటి తేడా ఫోటో తీస్తే ఫోన్ చెబుతుందట! ఫోన్ చెప్పింది తప్పైతే బాధ్యత ఎవరిది? వాంతులు చేసుకునేది మాత్రం ఫోన్ కాదు.

నల్లమల చెంచుల గురించి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో పుస్తకం వేశాడు. ఇనుపమొన వేసిన కర్రతో ఆడా మగా గడ్డలు తవ్వుకుంటూ తిరగడమే అందులో కనిపించే బతుకు. అది విహారం కాదు, రోజంతా చేసే చాకిరీ. కొండరెడ్లు వానాకాలం గడవడానికి మామిడి టెంకల జావ తాగేవారు. టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా వాగునీళ్లలో ఊరబెట్టి వండాలి. గింజలు బొత్తిగా లేనప్పుడు జీలుగు చెట్టు నరికి, దాని లోపలి గుజ్జును ఎండబెట్టి పిండి కొట్టుకునేవారు. అంబలి కోసం ఒక చెట్టు నేలకూలాలి, ఇంటిల్లిపాదికి రోజుల చాకిరీ. ఇందులో చాలా వంతు ఆడవాళ్ల మీదే పడేది. వేదిక మీద మాత్రం దాని పేరు “ప్రకృతి వరం”.

ఆ టెంకల జావ సంగతి ఇంకా ఉంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో ఆదివాసులు ఆ జావ తాగి చనిపోయారు. ఇళ్లలో బియ్యం నిండుకున్న వానాకాలం అది. బూజు పట్టిన టెంకలే మిగిలాయి. ఇవి ఆకలి చావులు కావు, జావ విషమైంది, అయినా అది వాళ్ల అలవాటు తిండి అని ప్రభుత్వం తేల్చేసింది. ఆ సమాధానానికీ మన సంత వాక్యానికీ ఏమన్నా దూరముందా? గతిలేక తిన్నదానికి ఒకరు ఆచారమని పేరు పెట్టారు, ఇంకొకరు ఆరోగ్యమని పెట్టారు. 2024 నవంబరులో కంధమాల్ జిల్లాలో మళ్లీ అదే జావ, మళ్లీ చావులు. ఇరవై మూడేళ్లలో మారిందల్లా, నగరంలో దాని మీద ఉపన్యాసాలు పెరగడం.

“రోగం లేదు” అన్న ముక్క మీద ఎక్కువ కాగితం ఖర్చు చేయను. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు టిక్‌టాక్‌లో ఎవరో చెప్పారని, కరోనా రాదని ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రిలో చేరారు. గలిజేరు కిడ్నీలను బాగుచేస్తుందని ఊరూరా చెప్పుకుంటున్నారు. కిడ్నీ దెబ్బతిన్నవాడికి ఆకుకూరల్లోని పొటాషియమే గండం, అది ఒంట్లోంచి పోక గుండె లయ తప్పుతుంది. ఈ సంగతి ఏ వీడియోలోనూ వినలేదు.

నగరం మోజు పడితే అడవికి ఏమవుతుందో కూడా చూశాం. నన్నారి షర్బత్ రాయలసీమలో ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని ఎవరూ కాదనరు. ఇప్పుడది సీసాల్లో ఊరూరికీ పాకింది. దానికోసం నల్లమలలో మారెడుగడ్డలు తవ్వుతున్నారు. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. వేరు తవ్వితే ఏం మిగులుతుంది? ఆ మొక్క ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. తవ్విన చెంచుకు దక్కింది కూలి, సీసా మీద ఉన్నది ఎవరిదో పేరు. రుసుము కట్టి వెళ్లే శనివారపు గుంపులూ రేపు గునపాలు పట్టుకుంటాయి. వీళ్లను ఆపే గార్డు ఉంటాడా? కారులో వచ్చినవాళ్లను ఏ గార్డు ఆపాడు కనుక?

అదే ఒక ఆదివాసీ ముసలమ్మ గంపతో వస్తే గార్డు గేటు దగ్గర ఆపుతాడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో ముదిరిన జబ్బు ఇది. అంతకుముందే, 1879లో రంప కొండల్లో లేచిన పితూరీకి ఒక కారణం కల్లు మీద వేసిన చిగురుపన్ను. చెట్టు తెలిసినవాళ్లను చెట్టు దగ్గరికి పోనివ్వకపోవడమే మన అడవుల చరిత్ర. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా ఫలసాయం ఏరుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చింది. కాగితం మీద. పెద్దపులి కోసమని ఒకసారి, యురేనియం కోసమని ఒకసారి నల్లమలవాసుల గుండెల్లో రాయి పడుతూనే ఉంది. అలాంటి వాళ్లను వేదికెక్కించి “వీళ్లకు ఆకలే తెలియదు” అని పరిచయం చేస్తే ఎవరి పని సులువవుతుందో చెప్పనక్కర్లేదు. తిండి అడవే చూసుకుంటుందంటే, ప్రభుత్వం చూసుకోవాల్సిన పనేముంటుంది?

అయితే గట్టు మీది కూరలు తినొద్దా అని అడుగుతారు. తినండి, మహారాజులా తినండి. పత్తిచేలో కలుపుమందు కొట్టిన మర్నాడు మాత్రం కోయకండి, మూసీ ఒడ్డున కోసిందైతే అసలే వద్దు. ఇంటి పక్క పెద్దావిడ చూపించిందే తెంపండి, ఆమె వద్దన్నది వదిలేయండి. బడి పిల్లలను ఏడాదికి నాలుగుసార్లయినా అలాంటి పెద్దావిడ వెంట చేలగట్ల మీద తిప్పితే బాగుంటుంది. ఆమెకు ఆ రోజు కూలి కట్టివ్వాలి. గిరిజన సహకార సంస్థ కొనే ధర పెంచాలి. వ్యక్తిగత పట్టాలతో సరిపెట్టకుండా సామూహిక హక్కు పత్రాలు గూడేల చేతికి రావాలి. ఎవరు చేయాలి, ఎలా చేయాలి అన్నది ఇంకో వ్యాసానికి సరిపడా పని. ఈలోగా కొండమీది డిపోలకు వానాకాలం బియ్యం వాగులు పొంగకముందే చేరితే, బూజు పట్టిన టెంకలను వాగులో ఊరబెట్టాల్సిన అవసరం కొన్ని ఇళ్లకైనా తప్పుతుంది.