కాకిలెక్కలు, నీతిబోధలు

లెక్కలవాడిని నమ్మరాదని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతూ వచ్చారు. సుమతీ శతకకారుడు కరణాల విషయంలో జాగ్రత్తగా ఉండమన్నాడు. రైతు కరణం కలాన్ని చూసి భయపడ్డాడు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు రద్దయ్యాయి కాని, ఆ అపనమ్మకం రద్దు కాలేదు. కరణం స్థానంలోకి చార్టర్డ్ అకౌంటెంటు వచ్చాడు. శతకం స్థానంలోకి నీతిశాస్త్రపు పాఠ్యపుస్తకం వచ్చింది. రెండిటిదీ ఒకే ధోరణి. లెక్క తప్పితే ఆ తప్పు రాసినవాడి గుణంలో ఉందంటారు. ఆ లెక్క ఎవరి సొమ్ము తీసుకొని, ఎవరికి భయపడి, ఏ అర్ధరాత్రి వేళ రాశాడని మాత్రం అడగరు.

నేడు ఈ వృత్తిలో రెండు బోధలు జోరుగా సాగుతున్నాయి. నిజాయితీగా ఉండమనేది ఒకటి, ఆరోగ్యంగా ఉండమనేది రెండోది. మొదటిదానికి పరీక్షలో ఒక పేపరు, రెండోదానికి ఆఫీసులో యోగా తరగతి. ఇవి వేరువేరు సమస్యలనీ, రెండిటినీ ఎవరికి వారే చక్కబెట్టుకోవాలనీ బోధకుల విశ్వాసం. ఈ విశ్వాసం తప్పు. ఇవి రెండూ ఒకే సమస్య. ఒంటరి మనిషి చక్కబెట్టుకోగలది కాదు.

సత్యం కంప్యూటర్స్ ఉదంతం తీసుకోండి. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధ్యక్షుడు రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక లేఖ రాశాడు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిలవల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని అందులో ఒప్పుకున్నాడు. అంతకు కొద్ది నెలల ముందే, 2008లో, సుపరిపాలనకు గాను ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ బహుమతి వచ్చింది. పేరేమో సత్యం, బహుమతేమో సుపరిపాలనకు, లెక్కలేమో కాకిలెక్కలు!

ఈ మోసాన్ని పట్టుకోవడానికి అసాధారణ ప్రజ్ఞ అక్కరలేదు. ఆడిటరు బ్యాంకులకు తానే ఉత్తరాలు రాసి, జవాబులు నేరుగా తానే తెప్పించుకోవాలి. ఇది ఆడిట్‌లో ఓనమాలవంటి పాఠం. కాని ప్రైస్ వాటర్‌హౌస్‌కు చెందిన భారతీయ సంస్థలు ఆ ఉత్తరాలు పంపే పనినీ, జవాబులు తెచ్చే పనినీ సత్యం యాజమాన్యానికే వదిలేశాయని అమెరికా సెక్యూరిటీల కమిషను 2011లో ప్రకటించింది. దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటే ఇదే. ఆ సంస్థలు తప్పు ఒప్పుకోలేదు, కాదననూ లేదు; అక్కడి రెండు నియంత్రణ సంస్థలకు కలిపి 75 లక్షల డాలర్లు చెల్లించి బయటపడ్డాయి. ఇక్కడ 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం 10 మందిని దోషులుగా తేల్చింది. వారిలో ఇద్దరు ఆ ఆడిట్ సంస్థలో భాగస్వాములుగా పనిచేసినవారు. అప్పీలులో శిక్ష అమలు ఆగింది. 2018లో సెబీ ఆడిట్ సంస్థపై రెండేళ్ళ నిషేధం విధిస్తే, 2019లో అప్పీలు ట్రిబ్యునలు దాన్ని కొట్టివేసింది.

ఓనమాలు తెలిసినవారు ఓనమాలు ఎందుకు మరిచారు? ఆడిటరును నియమించేది వాటాదారుల సమావేశమని చట్టం చెబుతుంది. పేరు ప్రతిపాదించేది డైరెక్టర్లు. ఫీజు వచ్చేది ఆ కంపెనీ ఖజానా నుంచే. పరీక్ష రాసేవాడే పేపర్లు దిద్దేవాడికి జీతమిస్తే మార్కులు ఎలా పడతాయో బడిపిల్లలకు కూడా తెలుసు. ఇది మన దేశపు అవలక్షణం మాత్రమే కాదు. 2000లో అమెరికాలోని ఎన్రాన్ కంపెనీ తన ఆడిటరైన ఆర్థర్ ఆండర్సన్‌కు ఆడిట్ కింద 2.5 కోట్ల డాలర్లు, సలహాల వంటి ఇతర పనుల కింద 2.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. మరుసటి సంవత్సరమే ఎన్రాన్ కూలిపోయింది. అప్పుడు ఆండర్సన్ ఉద్యోగులు చేసిన పని కాగితాలు చించడం!

ఇదంతా పెద్దల వ్యవహారం కదా, కుర్రవాళ్ళ నిద్రకూ దీనికీ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. కంపెనీని నొప్పించకుండా, ఖర్చు పెంచకుండా, గడువు దాటకుండా పని ముగించాలంటే భారం ఎవరి మీద పడుతుంది? ఆర్టికిల్డ్ అసిస్టెంటు మీద పడుతుంది. వారానికి 35 గంటలని అతని పనికి నిబంధన ఉంది. ఆడిట్ రోజుల్లో ఆ 35 గంటలు బుధవారానికే పూర్తవుతాయి. ఇచ్చేది జీతం కూడా కాదు, స్టైపెండు. రాత్రి పదకొండింటికి అతనికి ఒక అంకె తేడాగా కనిపించిందనుకోండి. అడిగితే మేనేజరు విసుక్కుంటాడు, కంపెనీవారు మొహం ముడుచుకుంటారు, గడువు దాటుతుంది. అడగకపోతే ఒక టిక్కు పెడితే చాలు. అనుమానించడం ఆడిటరు వృత్తిధర్మం. అనుమానించడానికి తీరిక కావాలి, ఉద్యోగం పోదన్న ధీమా కావాలి, కంటినిండా నిద్ర కావాలి. ఈ మూడూ లాక్కొని, నీతి ఏదని నిలదీయడం కంటే దగా ఏముంది?

2024లో పూనాలో ఒక పెద్ద ఆడిట్ సంస్థలో చేరిన యువ అకౌంటెంటు కొద్ది నెలలకే మరణించింది. పనిభారమే తన బిడ్డను బలిగొన్నదని తల్లి సంస్థ అధ్యక్షుడికి లేఖ రాసింది. సంస్థ కాదన్నది. తర్వాత తనిఖీకి వెళ్ళిన కార్మికశాఖ అధికారి, ఆ కార్యాలయం 2007 నుంచీ దుకాణాలు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషను లేకుండానే నడిచిందన్నారు. ఊరందరి రిజిస్ట్రేషన్లు తనిఖీ చేసే సంస్థ సంగతి ఇది! ఆ రోజుల్లోనే కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్, ఒత్తిడిని తట్టుకునే ఆంతరిక శక్తిని పిల్లలకు ఇంట్లో నేర్పాలన్న ధోరణిలో మాట్లాడారు. విమర్శ వచ్చాక, బాధితురాలిని తప్పుపట్టలేదని వివరణ ఇచ్చారు. ఉద్దేశం ఏదైనా కానివ్వండి. పనిగంటల ప్రశ్నను ఆత్మశక్తి ప్రశ్నగా మార్చడమంటే యజమానిని బోను నుంచి దింపి తల్లిదండ్రులను ఎక్కించడమే.

వ్యక్తి బాధ్యతను నేను కొట్టివేయడం లేదు. సంతకం పెట్టినవాడు సంతకానికి జవాబుదారీ. అయితే సంతకం చేసే చేతి వెనుక ఫీజు ఇచ్చే చేయి కూడా ఉంది. దానికీ జవాబుదారీతనం ఉండాలి.

లెక్కలవాడు పెట్టుబడికి గుమాస్తా, వాడి కష్టంతో మనకేమిటనే మిత్రులున్నారు. వారికి ఒక్కమాట. 1965 నాటి బోనసు చట్టం 23వ సెక్షను, అర్హుడైన ఆడిటరు పరీక్షించిన కంపెనీ లెక్కలను నిజమని భావించే వీలు ట్రిబ్యునలుకు కల్పించింది. అంటే ఆడిటరు పెట్టిన టిక్కు మిల్లు కార్మికుడి బోనసును నిర్ణయించింది. గుమాస్తా గది ఫ్యాక్టరీకి అంత దూరంలో లేదు.

2013 కంపెనీల చట్టం ఆడిట్ సంస్థలను పదేళ్ళకు మించి కొనసాగనివ్వరాదన్నది. 2018లో ఆడిటర్లపై విచారణకు ప్రత్యేక ప్రాధికార సంస్థ వచ్చింది. మంచిదే. కాని ఆడిటరు మారినా ఫీజు ఇచ్చే చేయి మారలేదు. పెద్ద కంపెనీల ఆడిట్ ఫీజు ఒక ఉమ్మడి నిధికి చేరాలి. ఆడిటరును స్వతంత్ర సంస్థ కేటాయించాలి. తనిఖీకి వచ్చే అధికారి కాగితాలతోపాటు ఆ పనికి ఎంతమంది, ఎన్ని గంటలు పనిచేశారో కూడా చూడాలి. కింది ఉద్యోగి రాసిన అభ్యంతరం ఫైలులోంచి మాయం కారాదు. రాసినవాడికి ఉద్యోగ రక్షణ ఉండాలి.

1949లో చట్టం ద్వారా ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ చిహ్నం మీద, అందరూ నిద్రిస్తుండగా మేల్కొని ఉండేవాడనే అర్థం గల ఉపనిషద్వాక్యం ఉంది. ఆ మాటను రాత్రి రెండింటిదాకా కుర్రవాళ్ళను మేల్కొలిపి ఉంచడానికి వాడుకుంటున్నారు. కామర్స్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులారా, వినే విద్యార్థులారా! నీతి పేపరులో ఇన్ని ప్రశ్నలున్నాయి కదా, ఫీజు ఎవరు ఇస్తున్నారు, గంటలు ఎవరు లెక్కిస్తున్నారు అన్న ఈ రెండు ప్రశ్నలు కూడా తరగతిలో అడగండి.