పసివాడి నవ్వుపై నీతి పన్ను

“ఇందులో నీతి ఏమిటి?” బొమ్మల పుస్తకం కనబడగానే మన పెద్దలు వేసే మొదటి ప్రశ్న ఇది. గేదె చెట్టెక్కిన బొమ్మ చూసి నాలుగేళ్ళ పిల్ల పడిపడి నవ్వితే, ఆ నవ్వు చాలదట! చివరి పేజీలో ఉపదేశం కూడ ఉండాలట! సంప్రదాయవాదులు ఇలా అడగడంలో వింత లేదు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనమూ అదే అడుగుతున్నాం. వారి సుభాషితాన్ని తీసివేసి మన నినాదాన్ని పెట్టాం. పన్ను వసూలు మాత్రం ఆగలేదు.

ఈ తగవు కొత్తది కాదు. 1928లో కృప్‌స్కయా ‘ప్రావ్దా’ పత్రికలో చుకోవ్‌స్కీ గేయకథ ‘మొసలి’ని బూర్జువా సరుకని ఖండించింది. మొసలి ఎలా బతుకుతుందో పిల్లలకు చెప్పక ఈ అసంబద్ధపు గోల ఎందుకని ఆమె వాదన. గోర్కీ దానితో ఏకీభవించలేదు. తలకిందుల మాటకు బిడ్డ నవ్వేది నిజం తెలియక కాదు, తెలిసినందువల్లనే అని చుకోవ్‌స్కీ ‘రెండు నుంచి ఐదు వరకు’ అన్న గ్రంథంలో వివరించాడు. గేదె చెట్టెక్కదని ఎరిగిన బిడ్డకే ఆ బొమ్మ హాస్యం. అనగా, నవ్వు బిడ్డ చేసే మొదటి విమర్శ.

దీన్ని అంగీకరిస్తే మరొక బాధ్యత మన మీద పడుతుంది. తెలిసినది తలకిందులైతేనే నవ్వు పుడుతుంది గదా! మరి ఎవరికి తెలిసిన లోకాన్ని మనం అచ్చు వేస్తున్నాం? మహబూబాబాద్ తండాలో బిడ్డ ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. గంగారం, కొత్తగూడ అడవి పల్లెల్లో కోయ పిల్లలున్నారు. భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో బొగ్గు లారీలను చూస్తూ పెరిగేవారున్నారు. వీరి చేతికి టోపీ పెట్టుకున్న పెంగ్విన్ బొమ్మ ఇచ్చి నవ్వమంటే ఎలా నవ్వుతారు? అసలు పెంగ్విన్ ఎలా ఉంటుందో వారికెవరు చూపారు? నవ్వకపోతే మొద్దు పిల్లలంటాం. మొద్దుతనం పుస్తకానిది.

బొమ్మలో కథ చదవడం ఈ నేలకు తెలియని విద్యా? జనగామ పక్కనే ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు గజాల పొడవు గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, కులపురాణాలను బొమ్మలు కట్టారు. కూనపులివారు, గౌడజెట్టివారు, డక్కలివారు ఆ పటం విప్పి ఊరి నడుమ కథ చెప్పారు. అక్షరం రాని సభ బొమ్మను చదివింది. నేడా పటం షహరు గోడలకు అలంకారమైంది.

ఇక హాస్యం పేర చెలామణి అయ్యే సరుకు చూడండి. నల్లనివాడు, నత్తివాడు, లావుపాటి వంటమనిషి, పల్లె యాసవాడు. నవ్వులపాలయ్యేది వీరే! బలవంతుణ్ణి చూసి నవ్వడం ప్రజల విద్య. బలహీనుణ్ణి చూసి నవ్వడం గడీల్లో దొరలు నేర్పిన విద్య. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ తెచ్చిన పిల్లల కథలు దళిత, ముస్లిం ఇళ్ళను బొమ్మల్లోకి తెచ్చాయి. కాని అవి చదవడం వచ్చిన పిల్లలకు. అంగన్‌వాడీ పసివాడి సంగతేమిటి?

వీలైనంతవరకు ఐదవ తరగతి దాకా ఇంటిభాషలోనే చదువు సాగాలని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. ఆ ఇంటిభాషలో నవ్వే పుస్తకాన్ని తయారుచేయవలసింది మనం. తండా అవ్వ, నకాషీ పనివాడు, అంగన్‌వాడీ టీచరు, రచయిత ఒక్కచోట కూర్చుంటే పదహారు పేజీల పుస్తకం అసాధ్యమేమీ కాదు. చివరి పేజీలో మాత్రం నీతి వద్దు. అది ముగించిన బిడ్డ మళ్ళీ మొదటి పేజీ తిప్పితే, మన రచనకు అంతకు మించిన పరీక్ష లేదు.